నీలం పట్టీల చెప్పులు

ఏసీ మళ్ళీ ఆగిపోయింది. పెరటి వాకిలి పక్కన గోడకున్న ట్రిప్పర్ టక్కుమని కిందికి పడింది, గదిలో చల్లగాలి నిలిచిపోయింది, అంతే. షారన్ మంచం అంచున కూర్చుని ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది. పక్కన నవోమి బోర్లా పడుకుని నిద్రపోతోంది. చిన్న వీపు నిండా చెమటకాయలు. కాసేపట్లో ఉక్కకు లేస్తుంది, గోక్కోవడం చేతగాక ఏడుస్తుంది, తను ఎత్తుకుని వరండాలో తిరుగుతుంది. జరగబోయేదంతా వరసగా తెలుస్తూనే ఉంది. తెలిసినా లోపల ఏమీ కదల్లేదు. బిడ్డ పుట్టినప్పటినుంచీ షారన్‌కు అలాగే ఉంది. చెయ్యాల్సినవన్నీ చేస్తుంది. పాలిస్తుంది, నీళ్ళు పోస్తుంది, పౌడర్ అద్దుతుంది. చేస్తున్నది ఎవరో అయినట్టు, తను పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది.

"మళ్ళా పడిందామ్మే?" వంటింట్లోంచి అత్త ఆనందకుమారి కేకేసింది.

"పడింది అత్తా."

"నువ్వు ఎత్తబాక. అబ్బయ్య అన్నానికొస్తాడు గదా, చూసుకుంటాడు."

అది కొత్త ఏసీ కాదు. తోటపల్లి గూడూరు అవతల పద్మనాభయ్య గారి రొయ్యల గుంటల మీద, ఆయన వచ్చినప్పుడు నడుం వాల్చే గదిలో ఉండేది. ఆ గది పడగొట్టించేటప్పుడు, "బిడ్డకు చెమటకాయలంటివి గదరా, తీసకపో" అని తన దగ్గర పనిచేసే షారన్ భర్త సుశీల్ కుమార్‌కు ఇచ్చేశాడు. ఉప్పుగాలికి బయటి పెట్టె అంచులు పొరలుగా రేగి ఉన్నాయి. గోరు తగిలితే ఎర్రపొడి రాలుతుంది. ఇందుకూరుపేట నుంచి వచ్చి బిగించిన హజరత్తయ్య, పెరటి గోడకు ఇనప స్టాండు కొట్టి దాన్ని కూర్చోబెడుతూ పెదవి విరిచాడు. పోయేటప్పుడు షారన్‌ను పిలిచి, లోపలి పెట్టె మూత ఎత్తి, జాలీలు ఎలా లాగాలో చూపించాడు. "ముందు స్విచ్చి ఆపాల, ఆనక మూత ఎత్తాల. జాలీ కొళాయి కింద కడిగి నీడన ఆరబెట్టమ్మా, ఎండలో పెడితే వంకరపోద్ది. ట్రిప్పర్ పడిందంటే లోపల ఏందో ఉండాదని. మళ్ళీ మళ్ళీ ఎత్తబాకండి, నాకు ఫోన్ కొట్టండి" అన్నాడు.

సుశీల్ కుమార్ పిక్కల దాకా ఆరిపోయిన గుంట బురదతో వచ్చాడు. అప్పటికి నవోమి ఏడుపు లంకించుకుంది. అతను అన్నానికి కూర్చోకుండానే కటింగ్ ప్లేయర్ తీసుకుని పెరట్లోకి పోయాడు. గుంటల మీద కరెంటు పనంతా అతనిదే. నీళ్ళు చిలికే ఏరేటర్లు, వాటి మోటార్లు, కరెంటు పోతే జనరేటరు. ఏ వేళ ఎవరు పిలిచినా పోతాడు. షారన్ బిడ్డను భుజానేసుకుని వాకిట్లో నిలబడి చూసింది. అతను బయటి పెట్టె పక్క రేకు విప్పాడు. లోపల వైర్ల మధ్య నుంచి పచ్చది ఒకటి మరమేకు వదులు చేసి బయటికి లాగాడు.

"అదెందుకు బావా తీస్తుండావు? హజరత్తయ్యన్న..."

"ఇది ఎర్తు. ఇదే ట్రిప్పర్‌ని పడేస్తుండాది." అతను పచ్చవైరు కొసను వెనక్కి మడిచి నల్లటేపు చుట్టాడు. "గుంటల కాడ ఇది పెట్టుకోని కూర్చుంటే ఒక్క ఏరేటరన్నా తిరగతాదా? ఉప్పుతడికి ఊరికూరికే పడిపోద్ది. ఏరేటర్ ఆగిందంటే తెల్లారేసరికి రొయ్యంతా తేలిపోద్ది. అందుకని ముందు దీన్నే పీకేస్తాం."

"ఫోన్ చెయ్యమన్నాడు గదా."

"ఆయన టౌన్లో ఏసీలు బిగించుకునేవాడు. ఈ ఉప్పుగాలి సంగతి ఆయనకేం తెలుసు?"

తర్వాత వాకిలి పక్కకు వచ్చి, ట్రిప్పర్‌కు పోయే వైరు తీసి, దాన్ని దాటించి ఏసీకి లైను నేరుగా ఇచ్చాడు. స్విచ్చి వేశాడు. బయటి పెట్టె గుర్రుమని మొదలుపెట్టింది. కాసేపటికి గది చల్లబడింది. నవోమి వెక్కిళ్ళు పెడుతూ పెడుతూ నిద్రపోయింది.

"నా బిడ్డ చెయ్యి పెడితే పలకని మిషనుందా?" అంది ఆనందకుమారి, కొడుక్కి చేపల పులుసు వడ్డిస్తూ. "ఆ వీధిలో ఫ్రిజ్జు ఆగినా వీడే, ఈ వీధిలో మోటారు కాలినా వీడే. మా నాయన బంగారం."

షారన్ ఎదురుగా నిలబడి మంచినీళ్ళ చెంబు అందించింది.

మరుసటి రోజు ఉదయం ఆమె నవోమి పొత్తిగుడ్డలు ఉతికి పెరట్లోకి తెచ్చింది. దండెం అంటే ఇనప తీగె. ఒక కొస ఏసీ స్టాండుకు, ఇంకో కొస బాత్‌రూము గోడకున్న కొక్కేనికి కట్టి ఉంది. స్టాండు గట్టిగా ఉందని సుశీల్ కుమారే కట్టాడు. ఏసీ నీళ్ళు పడే గొట్టం కూడా అక్కడే కిందికి వేలాడుతుంది. ఎప్పుడూ చుక్కలు పడుతూ ఆ మేర నేల బురదబురదగా ఉంటుంది. అక్కడ అత్త పొదీన నాటింది.

ఒట్టి కాళ్ళతో ఆ తడిలో నిలబడి తీగె మీద గుడ్డ వేసింది షారన్. వేళ్ళలోంచి మోచేతి దాకా ఏదో జివ్వుమని పాకింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈగలు గుంపుగా చర్మం కింద పరిగెత్తినట్టుంది. మళ్ళీ ముట్టుకుంది. మళ్ళీ జివ్వుమంది. ఆమె అరవలేదు. చెయ్యి వైపు చూసుకుంటూ నిలబడింది. ఎంతో కాలానికి ఒంటికి ఏదో తెలిసినట్టయింది. ఆ సంగతి తర్వాత తలుచుకున్నప్పుడు మాత్రం ఆమెకే భయం వేసింది.

దోసె తింటున్న భర్త దగ్గరికి పోయి చెప్పింది. "తీగె ముట్టుకుంటే జివ్వుమంటుండాది బావా."

"తిమ్మిరెక్కి ఉంటాది" అంది ఆనందకుమారి పెనం మీద నుంచి తల తిప్పకుండానే. "బాలింత తిమ్మిర్లు. మాత్రలు మింగమంటే ఆ డబ్బాని అట్టనే పెట్టినావు."

"నేను చెప్పేది తిమ్మిరి గాదత్తా."

సుశీల్ కుమార్ చేతులు కడుక్కుని పెరట్లోకి వచ్చాడు. గుంటల మీద తొడుక్కునే మందపాటి రబ్బరు చెప్పులు కాళ్ళకున్నాయి. తీగెను పిడికిట్లో పట్టుకున్నాడు. స్టాండు మీద అరచెయ్యి ఆనించాడు. "ఏది? నన్నేం కొట్టలేదే?" అన్నాడు నవ్వుతూ. "కొట్టినా ఏమైంది? గుంటల కాడ మాకు రోజూ కొడతానే ఉంటాది. అలవాటే. నీకూ అలవాటయిపోద్దిలే."

అతను బండెక్కి వెళ్ళిపోయాడు. అతను పట్టుకుంటే కొట్టలేదు. తను పట్టుకుంటే కొట్టింది. రెండూ కళ్ళ ముందు జరిగినవే. పదో తరగతి దాటని తనకు వీటిలో ఏది నమ్మాలో తెలియలేదు. తన ఒళ్ళే అబద్ధం చెబుతోందేమో. ఈ మధ్య అది చెప్పేవేవీ సరిగా ఉండటం లేదు గదా. ఆకలి వేసినప్పుడు తెలియదు, బిడ్డ నవ్వినప్పుడు సంతోషం తెలియదు. లేని కరెంటు తెలిసిందేమో. మిగిలిన గుడ్డలు బకెట్టులోనే వదిలేసి లోపలికి పోయింది. కాసేపయ్యాక చూస్తే అవి తీగె మీద ఉన్నాయి. అత్త ఆరేసింది కాబోలనుకుంది.

సాయంత్రం ఆనందకుమారి బజారు నుంచి వస్తూ ఒక సంచి తెచ్చింది. కూరగాయల మీద, కాగితంలో చుట్టిన రబ్బరు చెప్పులు. నీలం పట్టీలు. షారన్ కాళ్ళ దగ్గర పడేసింది.

"ఇయ్యి తొడుక్కోని తిరుగు."

"నాకు చెప్పులుండాయి గదత్తా."

"అయ్యి గుడికేసుకునేటియ్యి. పెరట్లోకి పోయేటప్పుడు ఇయ్యి. బాలింత ఒట్టి కాళ్ళతో తడిలో తిరగతాదా? మా కాలంలో ఏడాది నిండిందాకా నేల మీద కాలు పెట్టనిచ్చేవోళ్ళా మమ్మల్ని?"

బిడ్డ ఒకపక్క పాకుతుంటే, నిలబడాలని దేన్నో ఒకదాన్ని పట్టుకుంటుంటే ఇంకా బాలింత ఏమిటని షారన్‌కు అనిపించింది. పుట్టిన కొత్తలో ఒక్కనాడూ చెప్పుల ఊసెత్తని మనిషి ఇప్పుడెత్తడం కూడా వింతగానే ఉంది. కాని అడగలేదు. తొడుక్కుంది. అప్పటినుంచి ఆనందకుమారి ఎక్కడున్నా ఒకటే కేక. "చెప్పులేసుకున్నావామ్మే?" షారన్ పెరటి గడప దాటితే చాలు, వంటింట్లోంచి, వీధిలోంచి, ప్రార్థన పుస్తకం ముందు నుంచి కూడా.

చెప్పులు తొడుక్కున్నాక తీగె ముట్టుకుంటే జివ్వుమనలేదు. అయితే తిమ్మిరేనేమో అనుకుంది షారన్. తడిలో నిలబడితే వచ్చే తిమ్మిరి. అత్త మాటే నిజమేమో.

శనివారం పక్కింటి కామమ్మ గోడ మీదుగా తొంగిచూసి పకపకా నవ్వింది. ఆనందకుమారి దండెం దగ్గర ఒక వెదురు కర్ర పట్టుకుని, గుడ్డను కర్ర కొసకు తగిలించి, తీగె మీదికి తోస్తోంది.

"ఏందొదినా, అయ్యవార్లమ్మ మడిగుడ్డలు ఆరేసినట్టు కర్రతో ఆరేస్తుండావు? మీ పాస్టరమ్మకు తెలిస్తే ఊరుకుంటాదా?"

"చెయ్యి ఎత్తితే భుజం పట్టేస్తుండాది కామమ్మా. వయసయిపోలా."

"నిన్ననేగా నా చేత గడ్డివామి కాడ ఒక మోపెత్తించి, నువ్వు రెండెత్తినావు!"

"నిన్న ఎత్తబట్టే ఈరోజు పట్టింది. నీకెందుకుమే, పో, నీ బర్రె అరస్తుండాది."

కామమ్మ నవ్వుకుంటూ దిగిపోయింది. షారన్ గిన్నెలు తోముతూ విన్నది. విన్నదాన్ని విన్నట్టే పక్కన పెట్టేసింది.

ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక ఆడవాళ్ళ కూడికను ఆనందకుమారి తన ఇంట్లోనే పెట్టించింది. ఏసీ గదిలో చాపలు పరిచింది. అందరూ కొంగులు తల మీదికి లాక్కుని చల్లగాలిలో ఒదిగి కూర్చున్నారు.

"పరలోకంలో ఇట్టనే ఉంటాదేమో అక్కా" అంది ఒకామె.

"నువ్వు పోతావని గ్యారంటీ ఏంది? ఇప్పుడే బాగా కూర్చో" అంది ఇంకొకామె. చాపల మీద నవ్వులు లేచాయి.

పాస్టరమ్మ షారన్ గడ్డం పట్టుకుని చూసింది. "ఏందమ్మా, మొకాన కళే లేదు. బిడ్డ బంగారం లాగుంటే?"

"దేనికో బెదురుతాదమ్మా" అంది ఆనందకుమారి. "తీగె ముట్టుకుంటే షాకు కొడతాదంటది."

ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరమ్మ షారన్ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, ఈ చిన్నబిడ్డ మనసులో ఉన్న భయాన్ని నీవే తీసెయ్యి తండ్రీ. లేనిదాన్ని ఉందనుకునే ఈ కలతను..." షారన్ కళ్ళు మూసుకోలేదు. ఎదురుగా అత్త వైపు చూస్తూ ఉంది. అత్త కళ్ళు మూసుకుని ఉంది కాని రెప్పలు నిలకడగా లేవు. అందరూ ఆమెన్ అన్నాక, ఆనందకుమారి ఆమెన్ కొంచెం ఆలస్యంగా వచ్చింది.

సోమవారం ఎండ పొద్దున్నే చుర్రుమంది. ఏసీ నడుస్తోంది. నవోమి నిద్రపోతోందని షారన్ వంటింట్లో పాలు కాస్తోంది. బిడ్డ ఎప్పుడు లేచిందో, మంచం పక్కన పరిచిన బొంత మీద నుంచి ఎటు పాకిందో తెలియలేదు. గడప దగ్గర దుమ్ములో చిన్న చిన్న అరచేతి ముద్రలు చూసి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి పెరటి గడపలోకి వచ్చింది.

నవోమి పొదీన పక్కన బురదలో కూర్చుని నీళ్ళను చేత్తో చరుస్తోంది. నెత్తి మీద, దండెం మీదున్న పెద్ద దుప్పటి తడి తడిగా కిందిదాకా వేలాడుతోంది. దాని అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. బిడ్డ ఆ అంచు వైపు చూసింది. నిలబడటానికి అది బాగుంటుందనుకుందేమో, మోకాళ్ళ మీద లేచి చెయ్యి చాచింది.

"ముట్టుకోబాక!"

ఆ కేక షారన్‌ది కాదు. దుప్పటికి అవతల కర్రతో గుడ్డలు తోస్తున్న ఆనందకుమారి కర్ర పారేసి, పొదీన తొక్కుకుంటూ వచ్చి బిడ్డను రెక్క పట్టుకుని లాగేసింది. నవోమి కెవ్వుమంది. ఆనందకుమారి బిడ్డను ఎదకు అదుముకుని, చిన్న అరచెయ్యి విప్పి చూసింది, ఊదింది, మళ్ళీ చూసింది. ఏమీ కాలేదు. చెయ్యి ఇంకా దుప్పటిని అందుకోలేదు.

అప్పుడు తల ఎత్తింది. గడపలో కోడలు నిలబడి ఉంది. కోడలు కింద పడున్న వెదురు కర్రను చూసింది. అత్త కాళ్ళకున్న చెప్పులను చూసింది. తన కాళ్ళ నీలం పట్టీలు చూసుకుంది.

"ఏం ముట్టుకోబాకత్తా?"

ఆనందకుమారి బిడ్డను ఊపుతూ ఉంది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నువ్వు చెప్పిన పొద్దే." గొంతు బాగా తగ్గించి చెప్పింది. "నువ్వు లోపలికి పోయినాక పట్టుకు చూసినా. చెయ్యి మొద్దుబారిపోయింది నాకు."

"మరి తిమ్మిరన్నావు గదా. ప్రార్థన చేయించినావు గదా."

"ఏం చెప్పమంటావే? ఊరంతా కరెంటు పనికి వాణ్ణే పిలస్తది. సొంతింట్లో తప్పు చేసినాడంటే వాడి మొకం ఎట్టుంటాది? కన్నతల్లినే ఆ మాటంటే?" కొంగుతో బిడ్డ మోకాళ్ళ బురద తుడిచింది. "అయినా నీకు చెప్పులు తెచ్చిచ్చినా గదా."

షారన్ ముందుకు వచ్చి బిడ్డను తీసుకుంది. "పాకే బిడ్డకి ఏ చెప్పులు తెస్తావత్తా?"

ఆ మాట కోపంగా అనలేదు. సబ్బు అయిపోయిందని చెప్పినట్టు అంది. తర్వాత లోపలికి పోయి, వాకిలి పక్కనున్న ఏసీ స్విచ్చి ఆపేసింది. గుర్రుమంటున్న పెట్టె ఆగింది. చుక్కలు మాత్రం ఇంకాసేపు పడ్డాయి.

మధ్యాహ్నం సుశీల్ కుమార్ వచ్చేసరికి ఇల్లు పొయ్యిలా ఉంది. నవోమి ఒళ్ళంతా ఎర్రగా కందిపోయి, తల్లి ఒడిలో ముక్కుతూ ఉంది. అతను గడపలోనే చెప్పులు విప్పి లోపలికొచ్చాడు.

"ఎవురు ఆపింది?"

"నేనే."

"నీకు పిచ్చా ఏంది? బిడ్డ ఉడికిపోతుంటే చూస్తా కూర్చున్నావా? మళ్ళా ఆ షాకు కథేనా?" స్విచ్చి వైపు నడిచాడు. "పాస్టరమ్మ అంత ప్రార్థన చేసినా నీ తలకెక్కలా."

"బావా, వెయ్యబాక."

"నువ్వు ఊరుకో."

"ఉండరా అబ్బయ్యా."

ఆనందకుమారి పెరటి గడప దిగుతోంది. దిగుతూ దిగుతూ కాళ్ళ చెప్పులు ఒక్కొక్కటే విప్పి గడప మీద పెట్టింది. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపింది. పొదీన పక్కన, నీళ్ళు మడుగు కట్టిన చోట ఒట్టి కాళ్ళతో నిలబడింది. మడమలు బురదలో కూరుకున్నాయి. ఒక చెయ్యి ఎత్తి ఇనప తీగెను పట్టుకుంది. ఇంకో చెయ్యి స్టాండు మీద వేసింది.

"ఇప్పుడు వెయ్యి" అంది.

సుశీల్ కుమార్ వేలు స్విచ్చి మీద ఉంది. వాకిట్లోంచి తల్లి కనిపిస్తూనే ఉంది. కామమ్మ ఇంటి వైపు కాకి అరిచింది.

"అమ్మా, ఏందిది? ఇట్ట రా."

"ఏం కొట్టదంటివి గదా. వెయ్యి."

"తడిలో నిలబడబాక మా. చెప్పులేసుకో."

"షారన్ నిలబడితే వెయ్యలా నువ్వు? వెయ్యరా."

అతని వేలు అలాగే ఉంది. నొక్కలేదు. చెవి పక్క నుంచి చెమట దిగి మెడ మీదికి పోయింది. కాసేపటికి చెయ్యి దానంతటదే కిందికి జారింది. అతను గోడకు ఆనుకుని, ఎవరి వైపూ చూడకుండా, "హజరత్తయ్యకు ఫోన్ చేస్తాలే" అన్నాడు.

ఆనందకుమారి తీగె వదిలి, కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంది.

షారన్ ఒడిలో బిడ్డను పట్టుకుని ఇంకా ఆ స్విచ్చి వైపే చూస్తూ ఉంది. ఆ వేలు ఆగడం ఆమె చూసింది. అంటే అతనికి తెలుసు. తడి ఏమిటో, చెప్పులు ఏమిటో మొదటి నుంచీ తెలుసు. తెలిసే, మందపాటి రబ్బరు చెప్పులతో నిలబడి నవ్వాడు. తల్లి నిలబడితే వేలు ఆగింది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. బిడ్డ మెడ కింద చెమట తుడిచింది.

మరుసటి రోజు హజరత్తయ్య వచ్చి, మెయిన్ ఆపించి, బయటి పెట్టె రేకు విప్పాడు. లోపల ఒక వైరు తొడుగు ఉప్పుకు పొడిపొడిగా రాలి, రాగి బయటపడి రేకుకు ఆనుకుని ఉంది. కొత్త వైరు వేశాడు. నల్లటేపు విప్పి పచ్చవైరును మళ్ళీ దాని చోట బిగించాడు. లైను మళ్ళీ ట్రిప్పర్ గుండా తెచ్చాడు. సుశీల్ కుమార్ పక్కనే నిలబడి అడిగినవి అందించాడు. ఇద్దరూ గుంటల సంగతులు, రొయ్య తెగులు సంగతులు మాట్లాడుకున్నారు. ఇంటి ఎర్తు వైరు మట్టిలోకి దిగే ఎర్తు గుంటలో బకెట్టుడు నీళ్ళు పోయించి, "ఎండాకాలం రోజూ ఒక చెంబు పొయ్యండి, మట్టి ఎండిపోకూడదు" అని చెప్పి హజరత్తయ్య టీ తాగి వెళ్ళాడు. ఇనప తీగె విప్పి పారేసి, బాత్‌రూము గోడ నుంచి జామచెట్టుకు నైలాను తాడు కట్టాడు సుశీల్ కుమార్.

ఏసీ నడిచింది. ట్రిప్పర్ పడలేదు. నవోమి చెమటకాయలు మెల్లగా ఎండడం మొదలుపెట్టాయి. ఆనందకుమారి పొద్దున్నే ఎర్తు గుంటలో చెంబుడు నీళ్ళు పోసి, ఒట్టి కాళ్ళతో పొదీన కోస్తోంది. కర్ర గోడ మూల పడి ఉంది. కామమ్మ, "భుజం తగ్గిందా వదినా?" అని అడిగితే, "తగ్గింది కామమ్మా" అంది, తల ఎత్తకుండా.

షారన్ గుడ్డల బకెట్టుతో గడప దగ్గర ఆగి, చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. బండి తుడుస్తున్న సుశీల్ కుమార్ చూశాడు. కొన్ని రోజులుగా అతను ఆమెతో కొంచెం మెత్తగా మాట్లాడుతున్నాడు.

"ఇంకా ఎందుకే చెప్పులు? ఇప్పుడేం కొట్టదు గదా. నేనే టెస్టర్ పెట్టి చూసినా."

ఆమె నీలం పట్టీల్లో వేళ్ళు సర్దుకుని, బకెట్టు ఎత్తుకుంది.

"అలవాటయిపోయింది బావా" అని పెరట్లోకి దిగింది.